మట్టిబండి

ఒక జాతి నాగరికతను అంచనా వేయడానికి చరిత్రకారులు సాధారణంగా కోటలను, ఆలయాలను, శాసనాలను, నాణేలను పరిశీలిస్తారు. ఆ జాతి తన పిల్లల చేతికి ఏమి ఇచ్చిందన్న ప్రశ్న చాలాకాలం వారి దృష్టికి రాలేదు. వచ్చినా దానికి సమాధానం చెప్పే ఆధారాలు తక్కువ. కొయ్యబొమ్మ చెదలపాలవుతుంది. గుడ్డబొమ్మ చివికిపోతుంది. పిండిబొమ్మను చీమలు తింటాయి. నిప్పులో కాలిన మట్టిబొమ్మ మాత్రం నాలుగువేల ఏళ్లయినా నేలలో నిలిచి ఉంటుంది. ప్రాచీన భారతదేశంలోని బాల్యాన్ని గురించి ఈనాడు కంటితో చూసి తెలుసుకోగలుగుతున్నది చాలావరకు ఆ మట్టి చలవే.

1921లో దయారాం సాహ్ని హరప్పాలోనూ, మరుసటి ఏడు రాఖాల్‌దాస్ బెనర్జీ మొహెంజొదారోలోనూ తవ్వకాలు చేపట్టారు. ఈనాడు పాకిస్తాన్‌లో ఉన్న ఆ రెండు నగరాలు క్రీ.పూ. 2600 – 1900 మధ్య ఉచ్చస్థితిలో ఉండేవి. వాటి తిన్నని వీధులను, ఇటుక ఇళ్లను, మురుగు కాలువలను, ముద్రికలను గురించి చరిత్ర పుస్తకాలన్నీ చెబుతాయి. ఆ ఇళ్ల శిథిలాలలో దొరికిన చిన్న చిన్న మట్టి వస్తువులకు మాత్రం అంత ప్రసిద్ధి రాలేదు. వాటిలో తరచుగా కనిపించేది బండి. మట్టితో చేసిన చట్రం, దానికి సన్నని రంధ్రాలు, ఆకులు లేని నిండు చక్రాలు – ఇంతే దాని నిర్మాణం. రంధ్రాలలో గుచ్చిన పుల్లలు, చక్రాలను కలిపిన ఇరుసు కొయ్యవి కాబట్టి నశించాయి. మట్టి భాగాలు మిగిలాయి. సింధు ప్రాంతపు రైతులు ఇటీవలి కాలం వరకు వాడిన ఎడ్లబండికీ ఈ ఆటబండికీ పోలిక ఉన్నదని తవ్వకాలు జరిపినవారు ఆనాడే గుర్తించారు. పెద్దల బండ్లు ఒక్కటీ దక్కలేదు. అవి ఎలా ఉండేవో చెప్పే సాక్ష్యం పిల్లల బండే కావడం గమనించదగిన విశేషం.

బండితో పాటు గిలక్కాయలు ఉన్నాయి. గుండ్రని మట్టికాయలో ముందుగానే చిన్న మట్టి ఉండలు వేసి, మూసి, కాల్చినవి అవి. పక్షి ఆకారంలో చేసిన ఈలలు ఉన్నాయి. వాటి పొట్ట బోలుగా ఉంటుంది. రంధ్రం దగ్గర పెదవి ఆనించి ఊదితే మోగుతాయి. తల విడిగా చేసి దారంతో మొండేనికి తగిలించిన ఎద్దు ఒకటి. దారం లాగితే అది తల ఊపుతుంది. చేతుల మధ్య నుంచి దారం దూర్చడానికి వీలుగా రంధ్రం చేసిన కోతి మరొకటి. దారాన్ని వంచితే అది పైనుంచి కిందికి జారుతుంది. గోళీలు, పాచికలు, వంటింటి పాత్రల చిన్న నమూనాలు వీటికి అదనం.

ఈ వస్తువులన్నింటిలోనూ ఒక సమాన ధర్మం ఉంది. వీటిలో ఏదీ తనంతట తాను ఆడదు. ఈలకు ఊపిరి కావాలి, గిలక్కాయకు చేయి కావాలి, ఎద్దుకు దారం లాగే వేలు కావాలి. కుమ్మరి సగం పని చేసి మిగిలిన సగం పిల్లవానికి వదిలాడు. ఎంత బలంగా లాగితే ఎద్దు తల ఊపుతుందో, ఎంత వంచితే కోతి ఆగుతుందో ఎవరూ నోటితో చెప్పి నేర్పలేరు. అది వేళ్లు నేర్చుకోవలసిన విద్య. మీట నొక్కగానే అన్నీ తామే చేసే బొమ్మలతో పోల్చినప్పుడు ఈ మట్టిబొమ్మలు పేదవిగా కనబడవచ్చును గాని, పిల్లవానికి పని కల్పించడంలో అవి చాలా సంపన్నమైనవి.

దొరికిన బొమ్మలలో కొన్ని మరీ మోటుగా, వేలిముద్దల వలె ఉన్నాయి. అవి పిల్లలు స్వయంగా చేసుకున్నవి కావచ్చునని పురాతత్త్వవేత్తలు భావించారు. కుమ్మరి సారె పక్కన కూర్చొని ఒక ముద్ద అడిగి తీసుకున్న పిల్లవాడిని ఊహించుకోవడం కష్టం కాదు. మొహెంజొదారోలో ఆట వస్తువుల స్థానం ఎంతటిదో తెలిపే పరిశోధన ఒకటి స్వీడన్‌లోని గోటెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం నుంచి 2011లో వెలువడింది. అక్కడ దొరికిన ప్రతి పది వస్తువులలో దాదాపు ఒకటి ఆటకు సంబంధించినదేనని ఎల్కే రోజర్స్‌డాటర్ అందులో నిరూపించారు. ఆ లెక్కలో పెద్దల పాచికలు కూడా ఉన్నాయి. అయినా పదింట ఒకటి అంటే అల్పమైన పాలు కాదు.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఎదురవుతుంది. మట్టితో చేసిన ప్రతి చిన్న ఎద్దూ ఆటవస్తువేనా? పూజకు వాడిన ప్రతిమ కాకూడదా? తెలుగు భాష ఈ చిక్కును విడదీయదు సరికదా, ఇంకా బిగిస్తుంది. చిత్రానికీ, దేవుని ప్రతిమకూ, ఆటవస్తువుకూ మనం వాడే మాట ఒక్కటే – బొమ్మ. సంస్కృతంలో ఆటవస్తువుకు ‘క్రీడనకం’ అనే ప్రత్యేకమైన మాట ఉంది. నేలలో దొరికిన వస్తువు మాత్రం తన పేరు తాను చెప్పుకోదు. మహారాష్ట్రలోని ఇనాంగావ్ అనే తామ్రశిలాయుగపు గ్రామంలో 1968 – 83 మధ్య తవ్వకాలు జరిగాయి. అక్కడ ఒక ఇంటి నేల కింద మూత ఉన్న మట్టిపెట్టె దొరికింది. దానిలో ఒక స్త్రీ ప్రతిమ, దానితో పాటు తలలేని మరొక స్త్రీ ప్రతిమ, ఒక ఎద్దు ఉన్నాయి. తలలేని ప్రతిమను పుల్ల సాయంతో ఎద్దుపై నిలపడానికి రంధ్రాలు చేశారు. చూడగానే పిల్లల ఆటవస్తువు అనిపిస్తుంది. కాని పచ్చిమట్టితో చేసి, పెట్టెలో దాచి, నేలలో పాతిపెట్టిన వస్తువును పిల్లలు ఆడుకున్నదని చెప్పలేము. ఎక్కడ దొరికింది, ఎలా దొరికింది, వాడకం వల్ల అరిగిందా లేదా అన్న విషయాలే నిర్ణయిస్తాయి. చక్రం, దారపు రంధ్రం, లోపల మోగే ఉండ ఉన్నప్పుడు మాత్రమే ఆటవస్తువని కొంత ధైర్యంగా అనవచ్చు.

వస్తువు చెప్పలేని సంగతిని సాహిత్యం చెబుతుంది. పాలి భాషలోని బౌద్ధ సూత్రాలలో పిల్లవాడు పెరిగే క్రమాన్ని వర్ణించే చోట ఆటవస్తువుల పట్టిక ఒకటి ఉంది. చిన్న నాగలి, చిన్న బండి, చిన్న విల్లు, ఆకుతో చేసిన కొలపాత్ర అందులో కనిపిస్తాయి. సేద్యం, ప్రయాణం, వేట, వ్యాపారం – పెద్దల లోకమంతా పిల్లవాని గుప్పిట్లో పట్టేటంతగా కుదించుకొని వచ్చింది. మరొక సూత్రంలో పిల్లలు మట్టితో కట్టుకొనే పిచ్చుకగూళ్ల ప్రస్తావన ఉంది. వాటిపై ఇష్టం ఉన్నంతసేపు పిల్లలు వాటిని ప్రాణంగా చూసుకుంటారు, ఇష్టం తీరగానే తామే కాళ్లతో చేతులతో చెదరగొడతారు అని బుద్ధుడు అంటాడు. తృష్ణాక్షయాన్ని బోధించడానికి చెప్పిన ఉపమానం అది. ఆ ఉపమానం వెనుక పిల్లల ఆటను నిలబడి, ఓపికగా, చివరిదాకా చూసిన కన్ను ఉంది.

వైద్యులు కూడా ఈ విషయాన్ని ఉపేక్షించలేదు. ఆయుర్వేదంలోని ఎనిమిది అంగాలలో ‘కౌమారభృత్యం’ ఒకటి. అది శిశుపోషణకు, శిశువైద్యానికి సంబంధించినది. చరకసంహిత శారీరస్థానంలోని ఎనిమిదవ అధ్యాయంలో పసిబిడ్డ ఉండవలసిన గది ఎలా ఉండాలో చెప్పిన తరువాత, ఆ బిడ్డ చేతికిచ్చే బొమ్మలు ఎలా ఉండాలో చెప్పారు. అవి రంగురంగులుగా ఉండాలి, శబ్దం చేయాలి, చూడముచ్చటగా ఉండాలి. బరువుగా ఉండకూడదు. మొనలు వాడిగా ఉండకూడదు. నోట్లో పట్టేటంత చిన్నవి కాకూడదు. ప్రాణానికి ముప్పు తేకూడదు. బిడ్డను భయపెట్టకూడదు. వాగ్భటుడు లక్కతో చేసిన బొమ్మలను సూచిస్తూ, ఆవు, గుర్రం, పండు వంటి ఆకారాలను పేర్కొని, అవి పరిమాణంలో పెద్దవిగా ఉండాలని ప్రత్యేకంగా చెప్పాడు. బిడ్డ మింగకుండా ఉండాలన్నదే ఇందులోని ఆంతర్యం. భారత ప్రభుత్వం 2020లో బొమ్మల నాణ్యతకు సంబంధించిన ఉత్తర్వు జారీ చేసి, 2021 జనవరి 1 నుంచి ఆటబొమ్మలకు ఐ.ఎస్.ఐ. ముద్రను తప్పనిసరి చేసింది. వాడి అంచులు, మింగడానికి వీలైన చిన్న భాగాలు నేటి పరీక్షలలోనూ ముఖ్యాంశాలే.

చరకుని కొలతతో చూస్తే మట్టిబొమ్మకు మంచీ ఉంది, లోపమూ ఉంది. బోలుగా చేసిన గిలక్కాయ తేలికగా ఉంటుంది, మోగుతుంది, దానికి మొనలు ఉండవు. కాని పగిలిన పెంకు అంచు వాడిగా ఉంటుంది, లోపలి ఉండ బయటపడితే నోట్లోకి పోతుంది. వాగ్భటుడు లక్క వైపు మొగ్గడానికి ఇది కూడా కారణం కావచ్చు.

ఆ నియమాలలో చివరిది అన్నింటికంటె ముఖ్యమైనది. బొమ్మ బిడ్డను భయపెట్టకూడదు. చరకసంహిత అంతటితో ఆగలేదు. బిడ్డను ఏ విధంగానూ భయపెట్టడం మంచిది కాదని, ఏడుస్తున్నప్పుడో, అన్నం తిననన్నప్పుడో, చెప్పిన మాట విననప్పుడో రాక్షసుల పేర్లు, పిశాచాల పేర్లు చెప్పి బెదిరించరాదని కూడా ఆ వెంటనే చెప్పింది. బూచివాడిని పిలవకుండా బువ్వ తినిపించలేని ఇల్లు ఈనాటికీ అరుదు. అందువల్ల ఆ వాక్యానికి దాదాపు రెండువేల ఏళ్ల వయసున్నదని నమ్మడం కష్టమవుతుంది.

భయపెట్టకుండా మాన్పించడం ఎలాగో కాళిదాసు చూపించాడు. అభిజ్ఞాన శాకుంతలం సప్తమాంకంలో దుష్యంతుడు హేమకూటం మీద మారీచుని ఆశ్రమానికి వస్తాడు. అక్కడ ఒక బాలుడు పాలు తాగుతున్న సింహపు పిల్లను తల్లి దగ్గరనుంచి ఈడ్చి, నోరు తెరువు, పళ్లు లెక్కపెడతానని వేధిస్తుంటాడు. ఇద్దరు తాపసస్త్రీలు అతనిని వారిస్తారు. సింహం నీ మీదికి దూకుతుందని ఒకామె బెదిరిస్తుంది. బాలుడు నవ్వి, పెదవి విరిచి వెక్కిరిస్తాడు. బెదిరింపు పనిచేయలేదు. వీడిని వట్టి మాటలతో మాన్పించలేమని గ్రహించిన తాపసి, తన కుటీరంలో ఉన్న రంగులు వేసిన మట్టినెమలిని తెమ్మని రెండవ ఆమెను పంపుతుంది. ఆ నెమలి మార్కండేయుడనే ముని బాలకునిది. ఆశ్రమంలోని ఒక పిల్లవాని బొమ్మ మరొక పిల్లవాని చేతికి వస్తున్నదన్నమాట.

నెమలిని తెచ్చిన తాపసి, శకుంత లావణ్యాన్ని చూడమంటుంది. శకుంతమంటే పక్షి. కాని బాలుని చెవిలో పడింది తల్లి పేరు. మా అమ్మ ఏదీ అని చుట్టూ చూస్తాడు. సింహాలను మచ్చిక చేయగల ఆ సర్వదమనుడు ఒక్క క్షణంలో తల్లికోసం వెదికే పసివాడైపోయాడు. పక్కనే నిలిచిన దుష్యంతునికి ఈ బాలుని తల్లి పేరు శకుంతల అని తెలిసింది కూడా ఆ మట్టినెమలి వల్లనే. ఉంగరం పోయినప్పుడు తెగిన కథను తిరిగి కలపడానికి కాళిదాసు ఏ దివ్యాస్త్రాన్నీ పిలవలేదు. ఒక బొమ్మతో సరిపెట్టాడు.

శూద్రకుడు ఇంకా ముందుకు వెళ్లి, పది అంకాల తన ప్రకరణానికి బొమ్మ పేరే పెట్టాడు. మృత్ అంటే మట్టి, శకటిక అంటే చిన్న బండి. రెండూ కలిస్తే మృచ్ఛకటిక. ఈ నాటకంలో దొంగతనం ఉంది, జూదం ఉంది, రాజ్యాన్ని తలకిందులు చేసిన తిరుగుబాటు ఉంది, ఉరికంబం దాకా వెళ్లిన న్యాయవిచారణ ఉంది. వీటన్నింటినీ కాదని కవి ఒక మట్టిబండిని ఎన్నుకోవడానికి కారణం ఆరవ అంకం మొదట్లో ఉంది. ఇదే ఇతివృత్తంతో భాసుని పేర లభిస్తున్న ‘చారుదత్తం’ నాలుగంకాలతోనే ముగుస్తుంది. అందులో ఈ ఘట్టం లేదు.

చారుదత్తుడు ఉజ్జయినిలో ఒకప్పుడు ధనవంతుడు. దానధర్మాలతో ఆస్తి కరిగిపోయింది. అతని కుమారుడు రోహసేనుడు పొరుగింటి పిల్లవాని బంగారుబండితో ఆడుకున్నాడు. ఆ పిల్లవాడు తన బండిని తాను తీసుకొని వెళ్లిపోయాడు. రోహసేనుడు ఏడుపు మొదలుపెట్టగా, దాసి రదనిక మట్టితో ఒక బండి చేసి ఇచ్చింది. వాడు ఆ బండి వద్దంటాడు. నాకు ఆ బంగారుబండే కావాలంటాడు. నాన్నగారికి మళ్లీ కలిమి వస్తే అప్పుడు బంగారుబండితో ఆడుకుందువుగాని అని రదనిక నిట్టూరుస్తుంది. ఆ ఇంట్లో ఆ మాట చెప్పగలిగినది ఆమె ఒక్కతే.

అప్పుడే అక్కడికి వచ్చిన గణిక వసంతసేన ఆ ఏడుపుకు కారణం అడిగి తెలుసుకుంటుంది. పరుల సంపద చూసి ఈ పసివాడు కూడా బాధపడవలసి వచ్చిందే అని ఆమె కళ్లు చెమరుస్తాయి. ఈమె ఎవరని రోహసేనుడు అడిగితే, మీ అమ్మే బాబూ అంటుంది రదనిక. పిల్లవాడు నమ్మడు. మా అమ్మ అయితే ఇన్ని నగలు ఎందుకు పెట్టుకుంటుందని అడుగుతాడు. దారిద్ర్యాన్ని వర్ణించిన కావ్యఖండాలు ఎన్నో ఉన్నాయి గాని, ఈ చిన్న ప్రశ్నకు సాటి వచ్చేవి అరుదు. తల్లి ఒంటి మీద నగలుండవని ఆ పిల్లవానికి తెలిసిన లోకం చెప్పింది.

వసంతసేన కన్నీళ్లతో నగలన్నీ ఒలిచి, ఇప్పుడు మీ అమ్మనయ్యాను కదా, వీటితో బంగారుబండి చేయించుకో అంటుంది. పిల్లవాడు తీసుకోనంటాడు. నువ్వు ఏడుస్తున్నావు, నాకు వద్దు అంటాడు. అంతవరకు బండికోసం మారాం చేసినవాడు, ఎదుటివారి కన్నీటిని చూసి బంగారాన్ని కాదనగలిగాడు. ఆ మంచితనం ఎవరు నేర్పారన్నది కవి చెప్పలేదు. చారుదత్తుని ఇంట పెరిగిన బిడ్డ కావడమే చాలు. ఆమె కళ్లు తుడుచుకొని, ఇక ఏడవను, వెళ్లి ఆడుకో అని చెప్పి నగలను ఆ మట్టిబండిలోనే నింపుతుంది. ఆ నగలే తరువాత చారుదత్తుని ప్రాణం మీదికి తెస్తాయి. తొమ్మిదవ అంకంలో న్యాయస్థానంలో విదూషకుడైన మైత్రేయుని దగ్గరనుంచి అవి జారిపడి, చారుదత్తుడే వసంతసేనను చంపాడనడానికి సాక్ష్యమవుతాయి. మట్టిబండి మోసినంతసేపు నగలు ప్రేమకు గుర్తుగా ఉన్నాయి, అది దాటిన తరువాత హత్యానేరానికి ఆధారమయ్యాయి.

ఇది కవి కల్పన మాత్రమే అనుకోనక్కరలేదు. కౌశాంబి, చంద్రకేతుగఢ్ వంటి చోట్ల క్రీస్తుశకానికి అటూ ఇటూగా ఉన్న శతాబ్దాల నాటి మట్టిబండ్లు అనేకం దొరికాయి. పొట్టేలు తల ఆకారంలో మలచి, చక్రాలు తగిలించిన బండ్లు వాటిలో ప్రత్యేకమైనవి. రదనిక వంటివారు ఇంట్లో చేసిన మోటుబండ్లు మట్టిలో కలిసిపోగా, కుమ్మరులు అచ్చులతో చేసి కాల్చినవి మిగిలాయి.

తెలుగునేలపై ఈ పనితనానికి మంచి నిదర్శనం కొండాపురం. నేటి సంగారెడ్డి జిల్లాలోని ఈ శాతవాహన పట్టణాన్ని 1940వ దశకం ప్రారంభంలో గులాం యజ్దానీ ఆధ్వర్యంలో తవ్వారు. అక్కడి మట్టిబొమ్మలలో చాలా వాటికి తెల్లని మెత్తని మన్ను వాడారు. ముందు భాగానికొక అచ్చు, వెనుక భాగానికొక అచ్చు చేసి, రెండు సగాలను అతికారు. లోపల బోలుగా ఉండటం వల్ల బొమ్మ తేలికగా ఉంటుంది, మన్ను తక్కువ పడుతుంది. ఆవంలో కాలేటప్పుడు గోడ మందం సమానంగా ఉంటుంది కనుక పగుళ్లు తక్కువ. వీటిలో ఎన్ని పిల్లల చేతులలో ఆడాయో, ఎన్ని పెద్దల గూళ్లలో నిలిచాయో విడదీసి చెప్పలేము. ఇనాంగావ్ ప్రశ్న ఇక్కడా ఉంది.

ఆడపిల్లల ఆటలను తెలుగు కవులు వదిలిపెట్టలేదు. పోతన భాగవతంలో రుక్మిణి బాల్యాన్ని వర్ణిస్తూ బొమ్మల పెళ్లిళ్లను, గుజ్జెనగూళ్లను పేర్కొన్నాడు. గుజ్జెనగూళ్లంటే చిన్న పాత్రలలో ఉత్తుత్తి వంట వండి, తోటివారికి వడ్డించే ఆట. ఆ పాత్రలకు ‘లక్కపిడతలు’ అనే పేరు ఇప్పటికీ వాడుకలో ఉంది. పిడత అంటే చిన్న మట్టికుండ. తరువాత అవి కొయ్యతో వచ్చాయి, ఇత్తడితో వచ్చాయి, ఈనాడు ప్లాస్టిక్‌తో వస్తున్నాయి. మన్ను పోయినా పిడత అనే పేరు పోలేదు. అయితే ఈ ఆటలో ఒక పరిమితి కూడా ఉందని ఒప్పుకోవాలి. మగపిల్లవానికి బండి, విల్లు. ఆడపిల్లకు పొయ్యి, పిడత. పెద్దల లోకంలోని విభజన బొమ్మల ద్వారా పసితనంలోనే మనసులో నాటుకుపోయేది. చిన్న నాగలి సేద్యాన్ని నేర్పినట్లే, చిన్న పిడత వంటిల్లే నీ చోటని కూడా నేర్పింది.

ఆటవస్తువు, పూజావస్తువు అనే భేదం చెరిగిపోయే పండుగ ఒకటి కర్ణాటకలోనూ, దానిని ఆనుకొని ఉన్న కర్నూలు ప్రాంతంలోనూ ఉంది. జ్యేష్ఠ మాసపు అమావాస్యనాడు, వానకారు సేద్యం మొదలయ్యే వేళ, మట్టితో ఎద్దులను చేసి గాని, కుమ్మరుల దగ్గర కొని గాని పూజిస్తారు. దానికి మట్టెద్దుల అమావాస్య అని పేరు. విదర్భలో పోలా పండుగ మరునాడు జరిగే తాన్హా పోలా పూర్తిగా పిల్లలది. పెద్దలు ముందునాడు నిజమైన ఎద్దులను అలంకరించి ఊరేగించగా, ఆనాడు పిల్లలు చక్రాలున్న కొయ్య ఎద్దులకు పూలు, బొట్టు పెట్టి, మెడకు కట్టిన తాడు పట్టుకొని వీధిలో లాగుకొంటూ వెళతారు.